ఇంటి రేడియో ఆయుర్దాయము

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో కార్యక్రమములను మెచ్చుకొనునవి కొన్ని, కోరిన పాట వేయలేదని నిష్ఠురమాడునవి కొన్ని. ఇవికాక మూడవ రకము ఒకటి కలదు. "వారము దినములుగా మీ ప్రసారము గరగరలాడుచున్నది, యంత్రము బాగుచేయించుకొనరా?" అని మందలించు ఉత్తరము. అట్టిది వచ్చినప్పుడు మేము మొదట మా ఇంజనీర్లను అడుగుదుము. వారు తమ పుస్తకము తిరగవేసి, ఆ దినములలో ప్రసారము సవ్యముగానే జరిగినదని చూపుదురు. అంతలో అదే ఊరినుండి మరియొకరు, మొన్నటి నాటిక ఎంతో స్పష్టముగా వినవచ్చినదని వ్రాసిన కార్డు చేతికి వచ్చును. గరగర పుట్టినది మా గదిలో కాదు, ఆ శ్రోతగారి గదిలోనే అని అప్పుడు తేలును. మా ఇంజనీర్లు ఎన్నడును పొరబడరని మా భావము కాదు. పొరబడిన దినమున శ్రోతలకంటె ముందు మాకే ఆ సంగతి తెలియును, చీవాట్లును మాకే పడును.

"రేడియో పెట్టె ఎన్నేండ్లు మన్నును?" అని సూటిగా అడుగువారును కలరు. దీనికి ఒక్క అంకెలో సమాధానము లేదు. మా తాతగారు 1963లో కొన్న ఐదు వాల్వుల పెట్టె నేటికిని మా ఇంట పలుకుచున్నది. రెండు పర్యాయములు కెపాసిటర్లను, ఒక పర్యాయము వాల్వును మార్పించితిమి, అంతకుమించి ఖర్చు లేదు. దాని ప్రక్కనే మూడేండ్ల క్రిందట మేము కొన్న చిన్న స్పీకరు మూగవోయి పడియున్నది. ఇది చూచి మా ఇంటికి వచ్చిన పెద్దలు, పాతకాలపు వస్తువులు గట్టివి, ఇప్పటివన్నియు బోలు అని తీర్మానింతురు. మేము దీనిని ఒప్పుకొనము. ఆ దినములలో కొన్న పెట్టెలలో ఎన్నియో త్వరగానే చెడినవి. చెడినవి పాత సామానులవాని గంపలోనికి వెళ్లినవి గనుక నేడు మన కంటికి కనబడవు. మిగిలినవానిని మాత్రమే చూచి మనము మురియుచున్నాము.

మా తాతగారి పెట్టె మిగులుటకు కారణము ఆయన అలవాట్లు. దాని మీటను ఆయనతప్ప మరియొకరు త్రిప్పరాదు. వార్తలు ముగియగానే స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబెరికి, పెట్టె చల్లారిన పిదప గుడ్డ కప్పెడివారు. పిల్లలమైన మాకు అది పెత్తనముగా తోచెడిది. మా స్పీకరు సంగతి వేరు. మే నెలలో దానిని కిటికీ అంచున ఎండలో ఉంచి, రాత్రింబగళ్లు ఛార్జింగునకు తగిలించి, మేము ఊరికి పోయితిమి. యంత్రములు వినుటవలన చెడుట తక్కువ. విననప్పుడు వానిని మనము ఉంచు తీరువలననే ఎక్కువగా చెడుచున్నవి.

మొదటి శత్రువు వేడిమి. వాల్వుల పెట్టె నలుబది, ఏబది వాట్ల కరెంటు తీసికొని, అందులో అత్యధిక భాగమును వేడిగానే విడుచును. అందుకే దాని వెనుక అట్టకు రంధ్రములు ఉండును. మన ఇండ్లలో ఆ అట్టను గోడకు ఆనించి, పైన క్రోషియా అల్లిక గుడ్డ పరచి, దానిమీద పూలకూజా ఉంచుట ఆచారము. పెండ్లిలో కోడలు అల్లి తెచ్చిన గుడ్డ కనుక తీయుమని చెప్పుటకు ఎవరికిని నోరాడదు. ట్రాన్సిస్టరు 1947లో పుట్టినది మొదలు పెట్టెలు చిన్నవైనవి, వేడియు తగ్గినది. కాని నేటి ఆంప్లిఫయర్లకును గాలి కావలెను. ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చినచో క్రిందిదాని వేడి పైదానిని ఉడికించును.

వేడి ఏమి చేయునో చెప్పెదము. ప్రతి పెట్టెలోను చిన్న డబ్బాలవంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉండును. వానిలో పలుచని అల్యూమినియము రేకుల నడుమ తడి కాగితము చుట్టబడియుండును. ఆ తడి ఉన్నంతవరకే వాని ప్రాణము. పెట్టెలోని వేడి పది డిగ్రీలు పెరిగినచో వాని ఆయువు రమారమి సగమగునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. ఇరువది డిగ్రీలు పెరిగినచో నాలుగవ వంతే మిగులును. రామగుండము, రెంటచింతలవంటి చోట్ల మే నెలలో బయటి గాలియే నలుబదియైదు డిగ్రీలు దాటును. అట్టి ఊళ్లలో పడమటి గోడకు పెట్టెను ఆనించినచో, సాయంకాలము ఆ గోడ కాగిన పెనమువలె ఉండును. తూర్పు గోడకో, లోపలి గోడకో మార్చి, వెనుక నాలుగు వ్రేళ్ల సందు విడువవలెను. కెపాసిటరు ఎండుచున్నదనుటకు గుర్తు, మాటల వెనుక ఎడతెగక తుమ్మెద రొదవంటి "గుమ్" అను ధ్వని. అది వినబడిన వారములోనే మరమ్మతు చేయించినచో పని స్వల్పముతో తీరును. ఆరు నెలలు ఓర్చుకొని విన్నచో తక్కిన భాగములకును చేటు మూడవచ్చును.

కరెంటు విషయమున మన అలవాట్లు మరింత మొరటువి. కరెంటు పోగానే విసనకఱ్ఱ వెదకుదుము గాని, రేడియో స్విచ్చి తీయవలెనని ఎవరికిని తోచదు. పోవుటవలన కంటె తిరిగి వచ్చునప్పుడు కలుగు హాని ఎక్కువ. మరల వచ్చు క్షణమున వోల్టేజి నిలకడగా ఉండదు. పల్లెలలో వ్యవసాయపు మోటార్లన్నియు ఒక్కమారు ఆగినప్పుడు ఎగయు వోల్టేజి కూడ ఇట్టిదే. కనుక కరెంటు పోయినప్పుడు పెట్టె స్విచ్చి తీసి, వచ్చిన పిదప రెండు మూడు నిమిషములు దీపపు వెలుగును చూచి, అది నిలకడగా ఉన్నచో వేయవలెను. పాత పెట్టె కలవారికి మరియొక మాట. దాని వెనుకనో, అడుగుననో వోల్టేజి సరిచేయు చిన్న మర కొన్నింటికి ఉండును. తాతగారి కాలమున వీధి చివరి ఇంటికి తక్కువ వోల్టేజి వచ్చుచున్నదని దానిని దిగువ అంకెకు త్రిప్పియుండవచ్చును. నేటి 230 వోల్టులకు అది సరిపోవునో లేదో తెలిసినవారిచేత ఒకమారు చూపించుకొనవలెను.

ప్లగ్గు లేకుండ రెండు తీగల కొసలను సాకెట్టులో దూర్చి, జారకుండ అగ్గిపుల్లలు గ్రుచ్చు ఇండ్లను మేము చూచితిమి. అచ్చట చటచటమని నిప్పురవ్వలు పుట్టును. ఆ చటచటయే రేడియోలో గరగరగా వినవచ్చును. మాకు వచ్చిన మందలింపు ఉత్తరములలో కొన్నింటికి మూలము ఈ అగ్గిపుల్లయే అయియుండునని మా అనుమానము. ప్లగ్గు ఊడదీయునప్పుడు తీగను పట్టి లాగుటయు ఇట్టి దురలవాటే. తీగ లోపల తెగి, పైతొడుగు మాత్రము నిలిచియుండును. ఆ తెగిన చోటు ఎక్కడనో కనుగొనుటకు మెకానిక్కునకు ఒక పూట పట్టును.

ఇక పిడుగు. తొలకరి మేఘము పట్టినప్పుడు స్విచ్చి తీసినచో చాలునని పలువురు నమ్ముదురు. స్విచ్చిలోని సందు మిక్కిలి చిన్నది. మేఘమునుండి నేలకు దుమికినదానికి ఆ సందు ఒక లెక్కయా? ప్లగ్గును పూర్తిగా ఊడదీయవలెను. బయట ఏరియలు తీగ ఉన్నచో దానినికూడ పెట్టెనుండి తప్పించి, గోడకు వెలుపల వదలవలెను. ఈ పనులన్నియు ఉరుము వినబడకముందే చేయవలెను. ఉరుములు మొదలైన పిదప పెట్టె పోయినను పోనిమ్ము, ఏరియలు తీగను ముట్టరాదు.

దుమ్మును గూర్చి అందరికిని తెలిసినదే గనుక విస్తరింపము. మెత్తని పొడి కుంచెతో దులుపవలెను, తడిగుడ్డ పనికిరాదు. అందరికిని తెలియనిది బల్లి సంగతి. చలికాలమున వెచ్చదనము కోరి అది వెనుక రంధ్రములగుండ లోనికి దూరును. ఒక రాత్రి రెండు తీగలమీద కాలుమోపి తానును పోవును, పెట్టెను కూడ తీసికొనిపోవును. రంధ్రములను మూయరాదు గాని, గాలి ఆడు సన్నని వల బిగించవచ్చును. పురుగులు చేరునని కొందరు పెట్టెలో కలరా ఉండలు వేయుదురు. బట్టల పెట్టెకు అవి మంచివే గాని, కొన్ని రకముల ప్లాస్టిక్కును వాని ఆవిరి మెత్తబరచి జిగటగా చేయును. అంకెల పలకయు, మీటలును రూపు చెడును. సాంబ్రాణి ధూపమునకు ఎదురుగా ఉన్న స్పీకరు గుడ్డ ఏడాదికే జిడ్డుబారును. దేవుని గూటి ప్రక్కన రేడియో ఉండుట మన ఇండ్లలో మర్యాదయే. ఒక మూర ఎడముగా ఉన్నచో ఆ మర్యాదకు లోటు రాదు.

మీట త్రిప్పినప్పుడు బరబరమని చప్పుడు వచ్చినచో, లోపలి నల్లని కార్బను దారిపై దుమ్ము చేరినదని అర్థము. స్విచ్చి తీసియుంచి, మీటను ఈ కొసనుండి ఆ కొసకు పది పదునైదుమారులు త్రిప్పినచో చాలవరకు పోవును. పోనిచో అందుకని ప్రత్యేకముగా అమ్ము ద్రవము కలదు. ఇంటిలోని కొబ్బరినూనెను, కుట్టుమిషను నూనెను అందులో పోయువారికి మేము చేతులెత్తి మ్రొక్కుచున్నాము. ఆ దినము మెత్తగా తిరుగును, పిదప ఆ నూనెకే ఊరిలోని దుమ్మంతయు అంటును.

శబ్దము మాటకు వత్తుము. పెద్ద స్పీకరుకు చిన్న ఆంప్లిఫయరు తగిలించినచో ప్రమాదము లేదని యువకులు అనుకొందురు. వినాయకచవితి పందిరిలో వారు మీటను చివరకంట త్రిప్పుటకు ఈ ధైర్యమే కారణము. కాని ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తోలినప్పుడు ధ్వనితరంగముల శిఖరములు నరికినట్లు మొండివగును. అట్టి వికృత ధ్వనిలో పై స్థాయి శక్తి అధికముగా ఉండి, సన్నని స్వరములు పలికించు చిన్న స్పీకరులోని వెంట్రుకవంటి తీగను మాడ్చును. పాట చీలినట్లు వినబడిన క్షణమున మీట వెనుకకు త్రిప్పవలెను. పెట్టె వేయునప్పుడును, ఆపునప్పుడును మీట తగ్గుస్థాయిలో ఉండవలెను. ఆంప్లిఫయరును అన్నింటికంటె చివర వేసి, అన్నింటికంటె ముందు ఆపవలెను. ఈ క్రమము తప్పినప్పుడు "ఢబ్" అని వినబడు చప్పుడు స్పీకరు తినుచున్న దెబ్బ.

గ్రామఫోను రికార్డులు నేడు మరల కొన్ని ఇండ్లలో కనబడుచున్నవి. పాత 78 వేగపు రికార్డు లక్కతో చేసినది, దానిని స్పిరిటుతో తుడిచినచో పైపొర కరిగి పాట పోవును. వెనుకటి ఉక్కు ముల్లు ఒక్క ప్రక్కకే చాలును, ఆ పిదప మార్చవలసినదే. వజ్రపు ముల్లు ఐదువందలనుండి వేయి గంటలవరకు వచ్చును. అరిగిన ముల్లుతో వాయించినచో ముల్లు వెల మిగులును గాని రికార్డు గాడి పోవును. ముల్లు గంతులు వేయుచున్నదని దాని చేతిమీద రూపాయి బిళ్ల ఉంచుట మా మామగారి అలవాటు. ఆయన ఎదుట ఏమియు అనలేకపోయితిమి గాని, రికార్డుమీద ఆ బరువు నాగలి దున్నినట్లే.

ఇప్పుడు అన్నింటికంటె చిన్న వస్తువును గూర్చి చెప్పవలసియున్నది. అదియే సెల్లు. చవుకగా దొరకు మామూలు సెల్లులో జింకు గిన్నె ఉండును. ఆ గిన్నె మందును దాచు పాత్ర మాత్రమే కాదు, కరెంటు పుట్టించుటకు ఖర్చగు సరుకు కూడ అదియే. సెల్లు పనిచేసినకొలది గిన్నె లోపలినుండి పలుచబడి, తుదకు చిల్లు పడును. లోపలి ద్రవము బయటికి కారి, రాగి తీగలను, స్ప్రింగులను తినివేయును. ఆల్కలైన్ సెల్లు కొంత మేలైనదే గాని అదియు కారును, దాని ద్రవము క్షారము. పెట్టె ఆగిన తరువాత "రేపు మార్చెదము" అని వదలుట మొదటి తప్పు. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టియో, పంటితో కొరికియో మరి రెండు దినములు పలికించుట రెండవది. నాలుగింట రెండు మాత్రము క్రొత్తవి వేయుట మూడవది. క్రొత్తవాని బలము చచ్చినవానిని తలక్రిందుగా తోలి, త్వరగా కార్చును. నెల దినములు వినము అనుకొన్నప్పుడు సెల్లులు తీసి వేరుగా ఉంచుట పావు నిమిషము పని.

ఆ పావు నిమిషము చేయక మేము పొందిన నష్టమును చెప్పెదము. 1992లో మా ఇంట పెండ్లి జరిగినప్పుడు మా మేనత్త అప్పగింతల పాట పాడినది. పదునొకండేండ్ల వయస్సున ఉన్న మేము నాన్నగారి టేపు రికార్డరును ఆమె ముందుంచి మీట నొక్కితిమి. ఖాళీ క్యాసెట్టు దొరకక, సినిమా పాటల క్యాసెట్టునకు మూల విరిగిన చోట కాగితము అంటించి, దానిమీదనే పట్టితిమి. ఆ తరువాత పలుమారులు విన్నాము. మేనత్త 2006లో గతించినది. 2011లో ఒకనాడు ఆ పాట వినుచుండగా సెల్లులు నీరసించి పెట్టె ఆగిపోయినది. క్యాసెట్టు అందులోనే ఉన్నది, నొక్కిన మీట నొక్కినట్లే ఉన్నది, నాలుగు సెల్లులును లోపలనే ఉన్నవి. అట్లే దానిని అటకమీదికి ఎక్కించితిమి.

2019లో మేనత్త మనుమరాలి పెండ్లి కుదిరినది. "అమ్మమ్మ పాట పెండ్లిలో వినిపించు మామయ్యా" అని ఆ పిల్ల ఫోను చేసినది. పెట్టె దింపి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి చూచితిమి. మేనత్త గొంతు రెండు మాటలు పలికి, సాగి, వణకి, నిలిచిపోయినది. మూత తెరవగా టేపు లోపలి ఇరుసుకు పేగువలె చుట్టుకొనియున్నది.

విజయవాడలో ఒక వృద్ధ మెకానిక్కుగారి వద్దకు తీసికొనిపోయితిమి. ఆయన వెనుక మూత తీసి చూచి అడిగిరి:

"సెల్లులు ఎన్నేళ్లనుంచి లోపలున్నాయి బాబూ?"

"ఎనిమిదేళ్లు అయ్యుంటుందండీ."

"మీట కూడా నొక్కే వదిలేశారు కదూ?"

మేము సమాధానము చెప్పలేదు. రేడియోలో ఉద్యోగమని చెప్పుటకు ఆ పూట నోరు రాలేదు.

ఆయన చూపగా తెలిసినది. మీట నొక్కియున్నప్పుడు రబ్బరు చక్రము ఇనుప ఇరుసును టేపుతో సహా ఒత్తిపట్టియుండును. అట్లే ఏండ్లు గడచినచో రబ్బరుపై గుంట పడును, వేడికి జిగటబారును. మోటారు తిరుగగానే టేపు ఆ జిగటకు అంటి చుట్టుకొనును. ఇక సెల్లుల ద్రవము క్రింది పలకమీదికి ప్రాకి, సన్నని రాగిగీతలు కొన్నింటిని మాయము చేసినది. ఆ పెట్టె మరల పలుకదని ఆయన అనిరి. క్యాసెట్టును మాత్రము తమవద్ద ఉంచుమని, రెండు దినములకు రమ్మనిరి.

సెల్లు కారిన పెట్టెలన్నియు ఇట్లు పోవునని కాదు. మొదటిలోనే చూచినచో సులభము. ఉట్టి చేతితో ముట్టక దూదితో పొడిని తీసివేసి, ఆల్కలైన్ సెల్లుదైనచో నిమ్మరసపు చుక్కతోను, మామూలు సెల్లుదైనచో వంటసోడా కలిపిన నీటి చుక్కతోను తుడిచి, పిదప స్పిరిటు దూదితో తుడిచి పూర్తిగా ఆరనీయవలెను. గరుకు కాగితముతో రుద్దినచో తళతళలాడును గాని, పైపూత పోయి మరల త్వరగా త్రుప్పు పట్టును. విశాఖపట్నము, మచిలీపట్నమువంటి సముద్రతీరపు ఊళ్లవారు ఉప్పుగాలినికూడ దృష్టిలో ఉంచుకొని, ఏటికి రెండుమారులైనను ఈ గదిని తెరచి చూడవలెను.

నేటి చిన్న స్పీకర్లలో లిథియము బ్యాటరీ ఉండును. అది ఈ విధముగా కారదు గాని ఎండను ఓర్వదు. కారులో అద్దము వెనుకను, కిటికీ అంచునను ఉంచరాదు. చాలకాలము దాచునప్పుడు నిండుగా కాక, పూర్తి ఖాళీగాను కాక, సగము ఛార్జితో ఉంచి, రెండు మూడు నెలలకొకమారు చూడవలెను. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చుట, నొక్కుట నిప్పుతో చెలగాటము.

వాడకము ఎక్కువైన చెడునని దాచిపెట్టువారికి ఒక మనవి. దాచుట కూడ యంత్రమునకు హానియే. ఇంతకుముందు చెప్పిన కెపాసిటర్లలో అల్యూమినియము రేకుపై ఒక సన్నని పొర ఉండును. కరెంటు తగులుచున్నంతకాలము అది నిలుచును, ఏండ్లతరబడి తగులనిచో క్షీణించును. అటకనుండి దింపిన వాల్వు పెట్టెకు ఉత్సాహముతో ఒక్కసారి పూర్తి కరెంటు ఇచ్చినచో అవి వేడెక్కి పగులవచ్చును. తెలిసిన మెకానిక్కు అయినచో ముందుగా లోపల పరీక్షించి, వోల్టేజిని మెల్లమెల్లగా పెంచును. ఇంటిలో తిరుగుచున్న పెట్టెనైతే నెలకొకమారు అరగంట పలికించినచో చాలును. మా తాతగారి పెట్టెను మేము ప్రతి ఆదివారము ఉదయము వేయుచున్నాము. ఆ పని ఇప్పుడు మా అమ్మాయిది, మీట మమ్ములను త్రిప్పనీయదు.

టేపుల సంగతితో ముగింతుము. క్యాసెట్టు 1963లో పుట్టినది. మన ఇండ్లలో తాతల మాటలు, పిల్లల తొలి పలుకులు, పెండ్లి పాటలు చాలవరకు దానిమీదనే ఉన్నవి. మా కేంద్రపు టేపునకు ఒక రిజిస్టరు, ఒక గది, చూచుటకు ఒక ఉద్యోగి ఉందురు. ఇంటి క్యాసెట్టునకు బీరువా అడుగు అర తప్ప గతిలేదు, దానికి రెండవ ప్రతియు ఉండదు. దానిని మొదటినుండి చివరకు చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లలోని అయస్కాంతమునకు దూరముగా, చెమ్మ తగులని చోట ఉంచవలెను. వెనుక అంచునగల రెండు మూలల చిన్న ముక్కలను విరిచినచో ఎవరును పొరబాటున దానిపై మరియొకటి పట్టలేరు, మావలె కాగితము అంటించు పిల్లలు ఇంట లేనంతవరకు. వాయించు యంత్రమున టేపు తగులు తలపై గోధుమరంగు మట్టి చేరును. శ, స అక్షరములు మొద్దుబారినట్లు వినబడినచో, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తలను తుడవవలెను. మట్టి పట్టిన యంత్రములో ఉన్న ఒక్క ప్రతిని పెట్టి చూడరాదు. ముందు అక్కరలేని క్యాసెట్టును పెట్టి, అది సాఫీగా నడచునో లేదో చూచి, ఆ తరువాతనే విలువైనదానిని పెట్టవలెను. మేము 2019లో చేయనిది ఇదియే.

రెండు దినముల తరువాత మేము పోవునప్పటికి మెకానిక్కుగారు క్యాసెట్టు మరలు విప్పి, ముడతలు పడిన టేపును వ్రేళ్లతో సాపు చేసి, బొత్తిగా నలిగిన జానెడు ముక్కను కోసి, రెండు కొసలను అతికి, క్రొత్త డొక్కలోనికి మార్చియుంచిరి. మరియొక యంత్రముపై ఒకే ఒక్కమారు వాయించి, కంప్యూటరులోనికి ఎక్కించితిమి. క్యాసెట్టు టేపు సెకనుకు రెండంగుళములకు లోపుగా నడచును గనుక, జానెడు టేపనిన నాలుగైదు సెకన్లు. మేనత్త పాటలో ఒక పాదము పోయినది. పెండ్లినాడు వినిపించినప్పుడు ఆ చోటికి రాగానే గదిలోని పెద్ద ఆడవారు తలలెత్తి చూచిరి.

ఆ క్యాసెట్టుపై ఇరువదియేడేండ్లు సినిమా పేరే అచ్చై ఉండెను. అటకను శుభ్రము చేయునప్పుడు ఎవరైనను దానిని పారవేసియున్నను తప్పు పట్టుటకు వీలులేకపోయెడిది. ఇప్పుడు క్రొత్త డొక్కమీద మేనత్త పేరు, పాట పేరు, ఊరు, 1992 అని వ్రాసి, కంప్యూటరులోని ప్రతికిని అదే పేరు పెట్టి, ఆ ప్రతిని మరి రెండు ఇండ్లకు పంపితిమి. సెల్లులు లేని ఆ పాత పెట్టె మా బల్లక్రింద ఉన్నది.